జీవన్ కుమార్ తొట్టిలో కొండ

కంటబడ్డ ప్రతి రాయి మీదా నిమ్మకాయ పిండకపోతే జీవన్ కుమార్‌కు తోచదు. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా, చర్చికి వెళ్లినా జేబులో ఒక నిమ్మచెక్క ఉండాల్సిందే. రాయి మీద రెండు చుక్కలు పిండి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూస్తాడు. నురగ వస్తే "ఊహూఁ, సున్నపు రాయి" అని పెదవి విరుస్తాడు. రాకపోతే, అది ఎవరి ఇంటి రాయైనా సరే, వదల్లేక వదల్లేక వెనక్కి తిరిగి చూసుకుంటూ పోతాడు.

ఇదంతా చేపల తొట్టి కోసం. తొట్టిలో రాళ్లు పేర్చి, మొద్దులు నిలబెట్టి, ఇసుకలో నీటి మొక్కలు నాటి పెంచుతాడు. సున్నపు రాయి వేస్తే నీళ్లు మారిపోయి ఆ మొక్కలు బతకవట. బాగానే ఉంది. కానీ ఈ మనిషి ఉండేది ప్రొద్దుటూరులో! చుట్టూ నాపరాయే. అరుగూ అదే, గచ్చూ అదే, బట్టలుతికే బండా అదే. తల బాదుకుందామన్నా సున్నపు రాయే దొరికే చోట సున్నం లేని రాయి కోసం తిరిగే మొగుణ్ణి చూస్తే రజినికి ఒళ్లు మండిపోయేది. మండదా మరి?

ఎదురింటి మహబూబ్‌బీ ఎక్కణ్ణించో ఎర్రబండ తెప్పించి గడప ముందు వేయించుకుంది. మర్నాడు పొద్దున చూస్తే దాని మీద పిండిన నిమ్మచెక్క. వీధంతా పోగైంది.

"యా అల్లా! మా ఇంటికి చేతబడి ఎవురు పెట్నారు?"

రజిని పరుగెత్తుకెళ్లి ఆమె చేతులు పట్టుకుంది. "చేతబడి కాదక్కా, మా ఆయన."

"మీ ఆయన చేతబడి గూడా చేస్తాడా?"

"అయ్యో, ల్యాదక్కా!" అంటూ జీవన్ కుమార్ వెనకనుంచి వచ్చాడు. "మీ బండ శానా మంచిది. ఒక్క నురగ రాల్యా. ఎప్పుడన్నా పగిలితే నాకు చెప్పండి."

మహబూబ్‌బీ ముఖం మీదే తలుపేసుకుంది. ఆ వారమంతా రజిని వీధిలో తలెత్తలేదు. నిమ్మకాయ పిండిన మనిషి మాత్రం ఆ బండను చూసినప్పుడల్లా నిట్టూరుస్తూనే ఉన్నాడు.

బస్టాండులో కంట్రోలర్ ఉద్యోగం అతనిది. అదే కొంప ముంచింది. కొండాపురం డ్రైవరొకరు, జమ్మలమడుగు కండక్టరొకరు రాళ్లు మోసుకొచ్చేవాళ్లు. గండి దగ్గర పాపాఘ్ని ఏట్లో కొట్టుకొచ్చిన చెట్టు మొద్దును ఒకసారి అతనే పులివెందుల బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. పక్కన నిలబడ్డ ముసలాయన చిరాకుపడ్డాడు. "దాన్ని కింద పెట్టి నాకు సీటియ్యప్పా!" జీవన్ కుమార్ వెంటనే లేచి, పెద్దాయన్ను కూర్చోబెట్టి, మొద్దును తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. "మెల్లగా పట్టుకో తాతా, వేర్లు ఇరుగుతాయి."

పోనీ, ఇంత చేసి తెచ్చినవి ఒకచోట ఉంచుతాడా? నెల తిరక్కుండా "కొండ కుదర్ల్యా" అంటూ అంతా పీకేసేవాడు. చేపలు బక్కెట్లోకి, మొక్కలు పప్పుగిన్నెలోకి, బురద హాలంతా.

"మా అమ్మోళ్ల ఊరినన్నా ఒక్కసారే ఖాళీ చేయించినారు," అని రజిని అరిచేది. "ఆ చేపలు ఏం పాపం చేసినాయప్పా, నెలనెలా ఖాళీ చేయిస్తాండావు?"

ఆమె తల్లి సుశీలమ్మది కొండాపురం వైపు పల్లె. గండికోట రిజర్వాయరు నీళ్లలో ఆ ఊరు మునిగిపోయింది. ప్రభుత్వం బదులుగా ఇచ్చిన కాలనీలో ఆమె ఒంటరిగా ఉంటోంది. కూతురింటికి వచ్చినా ఒక్క పూటే. "యా కిటికీలోంచి చూసినా గోడే కనపడ్తాది, నాకు ఈడ ఊపిరాడదే" అంటూ పొద్దున బస్సుకు సంచి సర్దుకునేది. మొన్న కాలనీలో కాలుజారి పడింది. పక్కింటివాళ్లు చూశారు కాబట్టి సరిపోయింది. ఇక ఒంటరిగా ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈసారి అమ్మను ఎలాగైనా నిలుపుకోవాలి. రజినికి పగలూ రాత్రీ అదే దిగులు.

"హాల్లో అమ్మకు మంచం వేయాల. నేను ఆమెను తోడుకొని వచ్చేసరికి ఆ తొట్టి ఇంట్లో ఉండకూడదు. ఉంటే నేనుండను!"

"సరే," అన్నాడు జీవన్ కుమార్.

తల్లిని వెంటబెట్టుకుని వచ్చి చూస్తే ఏముంది? తొట్టి అక్కడే ఉంది. పైగా మంచాన్ని దానికి ఎదురుగా వేశాడు. భుజాలదాకా తడిసి, పళ్లికిలిస్తూ నిలబడ్డాడు.

"ఏందయ్యా ఇది? మనిషివేనా నువ్వు? నీకు మా అమ్మకంటే చేపలు ఎక్కువైనాయా?"

"నువ్వు కాసేపు ఉండవే," అంది సుశీలమ్మ. ఆమె తొట్టి ముందు వంగింది. ఎర్రరాళ్ల కొండ, దాని నడుమ చీలిక, చీలిక కింద వాలిన మొద్దు, చుట్టూ పచ్చగా చిన్న మొక్కలు.

"జీవనా, ఇది మా ఇంటిముందర కొండ కదప్పా?"

"అవునత్తా."

"అందుకేనా దినామూ ఫోన్ చేసి చీలిక యా పక్క, చెట్టు యా పక్క అని నా పానం తీసినావు? పనిల్యాక అడుగుతాండాడు అనుకుంటి."

రజిని కూడా తొట్టి ముందుకు వంగి చూసింది. కొండ కుదర్లేదు, కుదర్లేదని పీకి పోసిందంతా ఇందుకా! జాలి కలిగింది, వెంటనే అంతకంటే ఎక్కువ కోపమూ వచ్చింది. "నాతో ఒక్కమాట చెప్తే నోరు అరుగుతాదా?"

"కుదిరినాక చెప్దామని..."

"అది సరే గానీ," అంది సుశీలమ్మ, "మునిగిన ఊరిని తెచ్చి మళ్లా నీళ్లలోనే పెట్నావేందప్పా?"

ప్రతి రాయినీ పరీక్షించిన జీవన్ కుమార్‌కు ఈ ఒక్క సంగతీ తట్టనే లేదు. "తీసేస్తానత్తా, ఇప్పుడే తీసేస్తా" అంటూ చేతులు లోపల పెట్టబోయాడు.

"తీసినావంటే చూడు!" ముసలమ్మ మంచం మీద కూర్చుని నవ్వింది. "ఆడ గట్టున నిలబడి ఎంతసేపు చూసినా నీళ్లే. ఈడన్నా లోపల ఉండేది కనపడ్తాంది. కానీ చీలిక ఇంత వెడల్పు ఉండదు. మేకపిల్ల దూరేంత ఉంటాది, అంతే."

జీవన్ కుమార్ ఆనందంగా రాయి జరిపాడు. "ఇట్లనా?"

"శానా ఇరుకైపాయ."

"ఇట్ల?"

"వంకరపోయింది. నీకు చేతకాదు గానీ, రేపు పొద్దున సూద్దాం."

రజిని తల్లి సంచి వంక భయంగా చూసింది. "అమ్మా, రేపు పొద్దున బస్సుకు పోతావేమో?"

"యాడికే పొయ్యేది? ఈ మనిషి ఆ చీలిక సరిగ్గా పెట్టేదాకా నేను యాడికీ పోను."

రజిని మొగుణ్ణి రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. కళ్లెర్రజేసి, గొంతు తగ్గించి హెచ్చరించింది.

"ఇదో, చెప్తాండా. ఆ చీలిక గానీ సరిగ్గా కుదిరిందో, నీ తొట్టి వీధిలో ఉంటాది!"