మూట దొంగకు దొరికిన పని

ఎనభైల మొదట్లో మాట. ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకుని, మూడేళ్లుగా ఉద్యోగం లేక తిరుత్తణిలో ఖాళీగా తిరుగుతున్నాను. ఒక మధ్యాహ్నం దగ్గర్లోని కనకమ్మ సత్రం ఊరి బస్టాపులో ఒకామె పక్కనున్న లుంగీల మూట ఎత్తుకుని పరుగు తీశాను. నాలుగు అంగళ్లు దాటకముందే ఆమే వచ్చి నా చొక్కా పట్టుకుంది. జనం మూగి చెప్పులు తీశారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"పోలీసుకు అప్పగించమ్మా," అన్నారెవరో.

"అప్పగిస్తే రేపట్నించి నిజంగా దొంగే అయిపోతాడు," అని ఆమె నావైపు తిరిగింది. "ఏం పని వస్తాది నీకు?"

"ఫిట్టర్ పని అక్కా."

"అయితే మూట నెత్తిన పెట్టుకో. మా ఇంట్లో మరమగ్గం నిలిచిపోయి మూడు దినాలైంది."

పొదటూరుపేటలో వాళ్లింటికి తీసుకెళ్లి ముందు అన్నం పెట్టింది. పొద్దుగూకేలోగా నేను బాగుచేస్తే మగ్గం ఆడింది. ఆ చప్పుడు విని వీధిలో నేతవాళ్లంతా వచ్చారు.

"మాది గూడా చూడు తమ్ముడూ," అని ముగ్గురు పిలిచారు.

రెండో రోజు నా సంపాదనతో అమ్మకు చీర కొని ఇంటికి వెళ్లాను. ఇప్పటికీ ఆ ఊళ్లో మగ్గం ఆగితే కబురు నాకే వస్తుంది. పని లేని కుర్రాణ్ణి దొంగ అని తిట్టడం ఎవరికైనా సులువే. అతని చేతికి పని ఇచ్చే మనిషి నాకు ఎదురైంది.