సాంబయ్య ఇంట్లో బుగ్గ

ఈ రోజు మధ్యాహ్నం స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఊళ్లో, మగ్గం నేసే సాంబయ్య ఇంటికి కరెంటు కనెక్షన్ ఇచ్చాను. దానికోసం మూడేళ్ల కిందట దరఖాస్తు పెట్టుకున్నాడు. గడప ముందు నిలబడి పేరు పెట్టి పిలిస్తే ఆయన భార్య బయటికి వచ్చింది. ఆయన పోయి మూడో రోజట.

మగ్గం పైన బల్బు వేలాడదీయబోతుంటే ఆమె ఆపింది. గోడవార, శవాన్ని పడుకోబెట్టిన చోట, ప్రమిదలో దీపం వెలుగుతోంది.

"ఆ బుగ్గ ఈడ పెట్టు బిడ్డా. బుగ్గ రావాలె, బుగ్గ రావాలె అనుకుంటనే పోయిండు. దినాలయ్యేదాక దీపం ఆరొద్దు. నీ బుగ్గ ఆరదు గద?"

"ఆరదవ్వా" అన్నాను.

స్విచ్ వేశాను. ఆమె బల్బుకు దండం పెట్టి, ప్రమిదలోని వత్తిని వేళ్లతో నొక్కి ఆర్పేసింది.

నేను సబ్‌స్టేషన్‌కు తిరిగి వచ్చేసరికి ఆరయింది. ఆరింటికి ఆ ఊరి లైనుకు రోజూ కరెంటు కోత. ఈ వారం కోత డ్యూటీ నాదే. లైను తీసేశాను.

ఈ కాగితాన్ని మన ఆఫీసు బోర్డు మీద అతికిస్తున్నాను. మీరైతే ఆమెతో ఏమనేవారో కింద రాయండి. "ప్రమిద ఆర్పకవ్వా" అన్న ఒక్క మాట నా నోట రాలేదు.