మోతీకి తెలుగు నేర్పింది నేనే

తడిసిన కుక్క ఒంటి వాసన ఎక్కడ తగిలినా నాకు అరబ్బు దేశంలో, వాడి కబీర్ అనే పేటలో మేమున్న ఫ్లాట్ గుర్తొస్తుంది.

మా ముసలి కుక్క రాజు పోయాక అమ్మ దాని గిన్నెను పై అరలో పెట్టేసి, "ఇంక ఈ ఇంట్లో కుక్క మాటెత్తకండి" అంది. అయినా నాన్న సూర్ అనే సముద్రతీర ఊళ్ళో ఒక జాలరి ఇంటి నుంచి మోతీ అనే కుక్కపిల్లను తెచ్చారు. అమ్మ ఆ పిల్ల వైపు చూడనైనా లేదు. నా దిగులు వేరు. అరబ్బీ మాట్లాడే ఇంట్లో పుట్టిన కుక్కపిల్లకు మన మాట ఎలా తెలుస్తుంది? రోజూ స్కూల్ బస్సు దిగి రాగానే "కూర్చో, కూర్చో" అంటూ పాఠం మొదలుపెట్టేదాన్ని. ఒకరోజు నిజంగానే కూర్చుంది! "మా మోతీకి రెండు భాషలొచ్చు. తెలుగు నేర్పింది నేనే" అని బిల్డింగంతా చాటాను.

వాన వల్ల స్కూలు ముందే వదిలేసిన రోజు నేను ఇంటికొచ్చేసరికి, బాల్కనీలో తడిసిన మోతీని అమ్మ కొంగుతో తుడుస్తోంది. పక్కనే రాజు గిన్నె.

"కూర్చో బంగారం. కూర్చుంటేనే పెరుగన్నం."

మోతీ టక్కున కూర్చుంది.

నా పాఠం అమ్మకు కూడా వచ్చేసిందని ఆ రోజు మరింత పొంగిపోయాను. అసలు పంతులమ్మ ఎవరో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడూ అంతే గర్వంగా చెబుతాను, మోతీకి తెలుగు నేర్పింది మా అమ్మ.