లైటు కోసం తీసిన ఫొటో

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, మార్టూరు దగ్గర గ్రానైటు పాలిష్ చేసే ఒక యూనిట్‌కు డ్యూటీ పడింది. అప్పుడు నేను గుంటూరులో ఒక ప్రభుత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ ఫొటోగ్రాఫర్‌ని. రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా కార్మికులకు మాస్కులు పంచే కార్యక్రమం అది. పంచేది మా జాయింట్ డైరెక్టర్ గారు. మా శాఖలో ఫొటోకి కూడా హోదా ఉండేది. పెద్ద అధికారి మధ్యలో ఉండాలి, ఆయన చేతిలోని వస్తువు కనబడాలి. పుచ్చుకునేవాడి మొహం కనబడితే మంచిదే, కనబడకపోయినా ఎవరూ అడగరు.

అధికారి వచ్చాక లైటు సరిచూసుకుంటూ నిలబడితే చివాట్లు తప్పవు. అందుకని గంట ముందే వెళ్లి, ఆయన నిలబడబోయే చోట ఎవరో ఒకరిని నిలబెట్టి ఒక ఫొటో తీసి చూసుకునేవాళ్లం. ఆ రోజు మిషన్ దగ్గరున్న ఒకతన్ని పిలిచాను. ముప్పై ఏళ్లుంటాయి. కనుబొమల మీద కూడా తెల్లటి పొడి. చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చి నిలబడి, "నవ్వాలా సార్?" అన్నాడు. "నీ ఇష్టం, ఇది లైటు కోసమేలే," అన్నాను. పేరు అడగలేదు.

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. డిజిటల్ ఫొటోతో పాటు కొంత సమాచారం ఫైల్లోనే దాగి ఉంటుంది. దాన్నే మెటాడేటా అంటారు. తేదీ, టైము, లెన్సు వివరాలు కెమెరా తనే రాసుకుంటుంది. ఎవరు, ఎక్కడ, ఏ సందర్భం అన్నవి మనం టైపు చెయ్యాలి. ఒక్కో ఫొటోకి విడివిడిగా రాయడం మంచి పద్ధతి. వందల ఫొటోలు ఎంచుకుని అన్నింటికీ ఒకే వివరం ఒక్కసారిగా అతికించడం బద్ధకస్తుల పద్ధతి. నాది రెండోది. ఆ సాయంత్రం మొదటి ఫొటో నుంచి వేదిక ఫొటోలన్నింటికీ జాయింట్ డైరెక్టర్ గారి పేరు, హోదా అతికించాను. చివర్లో తీసిన గుంపు ఫొటోలకు "మాస్కులు ధరించిన కార్మికులు" అని రాశాను.

కంప్యూటర్లో చోటు చాలక ఏడాదికోసారి పాతవి తీసేసేవాళ్లం. అధికారి పేరు లేని, ఒక్కరే ఉన్న విడి ఫొటోలు ముందు పోవాలన్నది నియమం. ఆ నియమం రాసిచ్చింది కూడా నేనే.

ఏడాదిన్నర గడిచాక నాగూర్‌బీ అనే ఆవిడ, చంకలో పసిపిల్లతో, అన్నను వెంటబెట్టుకుని మార్టూరు నుంచి మా ఆఫీసుకు వచ్చింది. ఆమె భర్త మస్తాన్‌వలి బైకు మీద ఇంటికి వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. అప్పటికి పిల్ల కడుపులో ఉంది. ఫొటోలన్నీ అతని ఫోన్లోనే ఉండేవి, ఆ ఫోను అతనితోనే నుజ్జయింది. మిగిలింది ఆధార్ కార్డు మీది బొమ్మ. "అందులో ఆయన ఆయన లాగా లేడు సార్," అంది. మాస్కులు పంచిన రోజు ఫొటోల్లో ఉన్నాడేమో చూడమంది.

"కార్మికులు" అని వెతికితే గుంపు ఫొటోలు వచ్చాయి. అందరి మొహాల మీదా మేమిచ్చిన మాస్కులే. ఆమె ఒక్కో ఫొటోనూ తెర మీద వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. "ఇయ్యి ఈయన కళ్లే. పిల్లకి కళ్లు మాత్తరం చూపించమంటారా?" అంది. ఇంతే ఉన్నాయమ్మా అన్నాను.

లేవబోతూ ఆమె అన్నయ్య ఒక మాట చెప్పాడు. "పెద్దాఫీసరు నిలబడే కాడ మా బావని నిలబెట్టి ఫొటో తీశారంట సార్. ఇంటికొచ్చి మూడ్రోజులు అదే చెప్పాడు."

ఆ రోజు నేను లైటు కోసం నిలబెట్టింది అతన్నే. లైటు కోసం తీసినవి దాచం, పోయి ఉంటుందని చెప్పాను. అయినా కూర్చోమని, ఆ రోజు ఫొటోలన్నీ టైము ప్రకారం పేర్చాను. అధికారి వచ్చింది పదకొండు దాటాక. పది గంటల పన్నెండు నిమిషాలకు ఒకే ఒక్క ఫొటో ఉంది. తెల్లటి కనుబొమలతో మస్తాన్‌వలి నవ్వుతున్నాడు. పేరు గడిలో జాయింట్ డైరెక్టర్ గారి పేరుంది కాబట్టే అది బతికింది. అదే కారణంగా ఎవరికీ దొరకకుండా కూడా పోయింది. రెంటికీ నా బద్ధకమే కారణం.

నాగూర్‌బీ ఏడవలేదు. పిల్లను తెర వైపు తిప్పి పట్టుకుంది. కింద ఉన్న అక్షరాలు ఆమె అన్న పైకి చదివాడు.

"అదేంది సార్, ఈయన పేరు లేదా?" అని అడిగింది ఆమె.

నాకు సిగ్గేసింది. అధికారి పేరు చెరిపి, "షేక్ మస్తాన్‌వలి, పాలిష్ కార్మికుడు, మార్టూరు" అని ఆమె ముందే టైపు చేశాను.

"ఇక ఎవరన్నా ఎతికితే దొరుకుతాడా?"

"దొరుకుతాడమ్మా," అన్నాను. పెద్ద సైజులో ప్రింటు తీసి ఇచ్చాను.

వాళ్లు వెళ్లాక నేను రాసిన నియమాన్ని రద్దు చేయించాను. సర్వీసు మిగిలిన ఆరు నెలలూ లైటు కోసం నిలబడ్డవాళ్ల పేరు ముందు అడిగి, తర్వాతే కెమెరా ఎత్తాను. పాత ఫోల్డర్లు కూడా తెరిచి చూశాను. అధికారి రాకముందు తీసి, ఆయన పేరుతో మిగిలిపోయిన ఫొటోలు మరో నలభై దొరికాయి. కళ్లాల్లో మిరపకాయలు ఎండబోసేవాళ్లు, పత్తి జిన్నింగు మిల్లు కూలీలు, పెదకాకాని గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే ఒక ముసలాయన. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు.

టైము రాయడం కెమెరా ఎన్నడూ మర్చిపోదని, పేరు మాత్రం మనం నోరు తెరిచి అడగాలని నేను నేర్చుకునేసరికి ముప్పై ఏళ్ల సర్వీసు అయిపోయింది. ఆ నలభై ఫొటోల్లోంచీ అధికారుల పేర్లు తీసేశాను. వాటి స్థానంలో రాయడానికి నా దగ్గర ఒక్క పేరూ లేదు. ఆ గళ్లు ఖాళీగా వదిలేసి రిటైరయ్యాను.