బ్యాండును దాటిపోయిన చక్రం

నార్కట్‌పల్లి చుట్టుపక్కల పెళ్లంటే వహీద్ కారు రావాల్సిందే. కారు పాతదే, కానీ వహీద్ దానికి చేయని సోకు లేదు. నెమలికంఠం రంగు వేయించాడు. బర్రె అరిచినట్టు మోగే హారన్ పెట్టాడు. కొత్తజంట ఎక్కి కూర్చోగానే సీటు కింద దాచిన స్పీకర్లోంచి పసిపిల్ల ఏడుపు వినిపించేది. వాళ్లు సిగ్గుతో చచ్చిపోతుంటే వహీద్ అద్దంలో చూసి మురిసిపోయేవాడు.

ఒకనాడు అతనికి చక్రాలు మరీ లోపలికి ముడుచుకున్నట్టు అనిపించాయి. వెంటనే స్పేసర్లు కొనుక్కొచ్చాడు. చక్రానికీ, దాన్ని బిగించే హబ్బుకూ మధ్య పెట్టే మందపాటి అల్యూమినియం బిళ్లలవి. అవి పెడితే చక్రాలు బయటికి జరుగుతాయి, కారు వెడల్పుగా కనిపిస్తుంది.

మెకానిక్ పరశురాం వాటిని తిప్పి చూసి తలకాయ అడ్డంగా ఊపాడు.

"వద్దు భాయ్. బిళ్ల మందమైతే బోల్టు పొట్టిగైతది, నట్టు కొసకే పట్టుకుంటది. మధ్యల రంధ్రం గూడ హబ్బుకు వదులుగుంది."

"నా కారు జూస్తే నీకు కుళ్లన్నా," అని నవ్వి, వహీద్ ఇంటికెళ్లి తానే బిగించుకున్నాడు.

భార్య జీనత్ గడపలో నిలబడి చూసింది. "కారు కాళ్లు సాపుకొని బువ్వకు కూసున్నట్టుంది," అంది.

ఆ వారమే మర్రిగూడలో సైదమ్మ కూతురు గ్రేస్ పెళ్లి. పెళ్లికొడుకు యోహానును ఎక్కించుకుని హైవే మీద లారీల మధ్య దూసుకొస్తుంటే స్టీరింగ్ వణకసాగింది.

"అన్నా, ఏందిది, గిట్ల వణుకుతాంది?" అన్నాడు యోహాను.

"పెండ్లి నీది, సిగ్గు నా కారుకు," అన్నాడు వహీద్.

చర్చిలో పెళ్లయింది. కొత్తజంటతో కారు బ్యాండు వెనక నడక వేగంతో కదిలింది. ఇంతలో ఎడమవైపు ముందు చక్రం ఊడి, కారును వదిలేసి, తన దారిన తాను బయల్దేరింది. ఇది కూడా వహీద్ తమాషాయేనేమో అనుకుని డ్యాన్సు చేసేవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. బ్యాండువాళ్లు దరువు పెంచారు. చక్రం వాళ్లందరినీ దాటిపోయి వంటల టెంటు గుంజకు ఆనుకుని ఆగింది. కారు ఒక పక్కకు కూలబడింది. ఆ కుదుపుకు సీటు కింది పసిపిల్ల ఏడుపు లంకించుకుంది.

గ్రేస్ చీర కుచ్చిళ్లు పట్టుకుని దిగింది. "అన్నా, మేం నడుసుకుంట పోతం. నువ్వు చక్రాన్ని తోల్కొని రా," అంది. జనం పడిపడి నవ్వారు.

వహీద్ కూడా నవ్వబోయి హబ్బు ముందు గొంతుక్కూర్చున్నాడు. బోల్టుల కొసన మరలు అరిగిపోయి ఉన్నాయి. పొద్దున హైవే మీద పక్కనే వెళ్లిన లారీల టైర్లు కళ్లముందు మెదిలాయి. అరిగిన బోల్టులను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశాడు.

మర్నాడు పరశురాం దగ్గరికి పోయి, "తిట్టన్నా," అన్నాడు.

"తిడితే బోల్టు పొడుగైతదా?" అన్నాడు పరశురాం.

ముందు చక్రాల స్పేసర్లను పరశురాం తీసేశాడు, మలుపులో టైరు రాసుకుంటుందని. వెనక చక్రాలకు మాత్రం హబ్బుకు సరిగ్గా కూర్చునే సన్న బిళ్లలు, పొడుగు బోల్టులు తెప్పించాడు. తుప్పు గీకి, ఎదురెదురు నట్లను వరసగా బిగించాడు. కావలసినంత బిగువు రాగానే టక్కుమనే పాన ఒకటి ఉంది, దానితో.

"గంతేనా అన్నా?"

"గంతే గాదు. జర తిరిగినంక మళ్లొచ్చి బిగిపించుకోవాలె."

వహీద్ అలాంటి పానే ఒకటి కొన్నాడు. కానీ కోతిబుద్ధి ఊరుకుంటుందా! ఇప్పుడు బరాత్ ఊరేగింపు కదలాలంటే పెళ్లికొడుకు కిందికి దిగి నట్టు టక్కుమనిపించాల్సిందే. చుట్టూ ఆడవాళ్లు ఎగతాళి చేస్తుంటారు.

మొన్న దూరమైనా ఒప్పుకుని పోయిన కొల్లాపూర్‌లో డానిష్ అనే పెళ్లికొడుకు చెమటలు కక్కుతూ ఎంత తిప్పినా టక్కుమనలేదు. పాపం, అతను తిప్పుతున్నది నట్టు వదులయ్యే వైపు. పెళ్లికూతురు రిజ్వానా కాసేపు ఓపిక పట్టి, పాన లాక్కుని ఒక్క ఊపులో టక్కుమనిపించింది. పందిరంతా ఈలలే.

ఆ సందడిలో ఎవరూ చూడకుండా వహీద్ కారు చుట్టూ తిరిగి ప్రతి నట్టునూ మళ్లీ బిగించుకుని, అప్పుడు ఎక్కి హారన్ కొట్టాడు.