వదిన మూసుకోని కన్ను

మా వదినకు ఇటాలియన్ వచ్చని చెబితే ఆర్మూర్‌లో మొదట ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్ళు వెంటనే "ఎందుకూ?" అని అడుగుతారు. నాకు ఒళ్ళు మండేది ఈ రెండో మాటకే. మా అన్న డ్రిప్పు పైపులు అమ్ముకుంటే ఎందుకని ఎవరూ అడగరు. వదిన మాటలతో బతికితే మాత్రం అందరికీ అనుమానమే.

ఆమె పేరు సంధ్యారాణి. కమ్మర్‌పల్లిలో మక్కలూ పసుపూ పండించే గంగాదాస్ బిడ్డ. డిగ్రీకి హైదరాబాద్ వెళ్ళి ఫ్రెంచ్ అడిగితే అందులో సీట్లు అయిపోయాయట, ఇటాలియన్‌లో ఖాళీలున్నాయట. "బస్సుల ఏ సీటు దొరికితే గా సీట్ల కూసున్న," అంటుంది. కూర్చున్నది కూర్చున్నట్టే శ్రద్ధగా చదివింది. తర్వాత మా అన్న శ్రవణ్‌కుమార్‌ను చేసుకొని మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు ముందుగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకొని, ఫోన్లో భాషలు నేర్పే బెంగళూరు కంపెనీ ఒకదానికి పని చేస్తుంది. వాళ్ళు ఇంగ్లీషు మాటలూ నుడికారాలూ పంపుతారు. ఈమె వాటికి సరైన ఇటాలియన్ వెతికి, ఒక్కోదానికి ఒక ఉదాహరణ వాక్యం రాసివ్వాలి. ఒక నెల తిండి మాటలు వస్తాయి, ఇంకో నెల కాళ్ళూ చేతులూ. ఈసారి మాఘమాసంలో కన్నూ చూపూ వచ్చాయి.

ఇంగ్లీషు నుంచి ఇటాలియన్‌కు పోయే దారిలో వదిన తప్పకుండా ఒకచోట ఆగుతుంది. అక్కడ మా అమ్మ అంజవ్వ కూర్చొని ఉంటుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఇటలీ ఎటు పక్క ఉందో తెలియదు. కానీ తెలుగులో ఒక మాటకు ఎంత పులుపుందో, ఎంత కారముందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని వదిన నమ్మకం. ముందు అమ్మతో తెలుగులో మాట్లాడి, ఆ రుచి నోట పట్టుకొని, ఆ తర్వాతే ఇటాలియన్ రాస్తుంది. చాలదన్నట్టు నాటకం కూడా వేయిస్తుంది. ఒంటితో చేసి చూస్తేగాని మాట పట్టుబడదంటుంది. కాళ్ళ నెలలో ఆదివారాలు పుట్టింటికి వచ్చిన పాపానికి నేను ఎన్నిసార్లు కుంటుతూ నడిచానో నాకే గుర్తు లేదు. నేను వేల్పూర్ బడిలో టీచర్ని. పిల్లలు చూస్తే పరువు పోయేది.

ఇక అమ్మది పసుపు పని. ఆలూర్ దగ్గరి మా రెండెకరాల పసుపు ఉడికి, ఎండి, పాలిష్ పట్టి వాకిట్లో కుప్పగా పడితే, కొమ్ములు ఒకవైపు, గడ్డలు ఒకవైపు ఏరడం ఆమెదే. మార్కెట్‌కు పోతే రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం పోచన్న కూడా ఆమె చేతికి ఒక కొమ్ము ఇచ్చి "ఎట్లున్నదవ్వా?" అని అడుగుతాడు. అమ్మ దాన్ని పుటుక్కున విరిచి, చప్పుడు విని, వాసన చూసి, లోపలి రంగు చూసి చెబుతుంది. ఆ ఒక్క నిమిషం కోసమే ఆమె ఉతికిన చీర కట్టుకొని మార్కెట్‌కు పోతుందని నా అనుమానం.

కన్నుల నెల నవ్వుతూనే మొదలైంది. ఇంగ్లీషువాళ్ళు బాగా ముద్దయినవాళ్ళను కంట్లోని ఆపిల్ పండంటారని వదిన చెప్పింది.

"కండ్ల పండు వెట్టుకుంటరా? నలక వడ్తేనే ఓర్వం గదనే," అంది అమ్మ. ఇటలీవాళ్ళు మనలాగే కంటిపాప అంటారని తెలిసి ఆ దేశం మీద ఆమెకు కొంత గౌరవం కలిగింది. దిష్టిని వాళ్ళు 'మలోక్యో' అంటారని, పళ్ళెంలో నీళ్ళు పోసి నూనెచుక్క వేసి దిష్టి తగిలిందో లేదో చూస్తారని విన్నాక ఆ గౌరవం ఇంకా పెరిగింది. ఇక తొలిచూపులోనే ప్రేమ పుట్టడాన్ని వాళ్ళు పిడుగు పడటం అంటారు.

"మీ మామ నన్ను చూడవచ్చిన దినం మబ్బు గుడ వట్టలే," అంది అమ్మ. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

అమ్మ కళ్ళ నుంచి అప్పటికే చాలాకాలంగా నీళ్ళు కారుతున్నాయి. పసుపు దుమ్మే అనుకున్నాం. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన మెత్తటి గుడ్డ ఒకటి ఎప్పుడూ ఆమె నడుముకు చెక్కి ఉండేది. దాంతోనే ఒత్తుకునేది. మా వైపు పసుపు పండించే ఇళ్ళలో దెబ్బకు పసుపే, దగ్గుకు పసుపే, కంటికీ పసుపే. పసుపు ఊరివాళ్ళం పసుపును నమ్మకపోతే ఎట్లా? ఎడమ పక్కన పెట్టిన చాయ్ గ్లాసు రెండుసార్లు తన్నేసింది. "కండ్లు నెత్తికెక్కినయా అమ్మా?" అన్నాను. చౌరస్తా దాటేటప్పుడు అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంటోంది. వయసు కదా అనుకున్నాం.

ఒక ఆదివారం పొద్దున వదిన ఒక నుడికారం దగ్గర ఇరుక్కుపోయింది. తెలిసీ తప్పును పట్టించుకోకపోవడాన్ని ఇంగ్లీషువాళ్ళు గుడ్డికన్ను అటు తిప్పడం అంటారు. మనం చూసీ చూడనట్టు ఉండటం అంటాం. ఇటలీవాళ్ళు 'క్యూదెరె ఉన్ ఓక్యో', అంటే ఒక కన్ను మూసుకోవడం అంటారు.

"ఇంగ్లీషు మాటల తప్పు వట్టినట్టుంటది రజితా. ఇటాలియన్ మాటల జర ప్రేమ ఉంటది. పోనీలే అని ఇడిసిపెట్టినట్టు. రెండూ ఒకటేనా కావా, చేసి చూద్దాం దా," అంది.

నన్ను దొంగను చేసింది. అమ్మ మార్కెట్ కావలిమనిషి. నేను కుప్పలోంచి పిడికెడు కొమ్ములు కొంగులో వేసుకుంటే, అమ్మ చూసి, పాపమని ఒక కన్ను మూసుకోవాలి. అమ్మ ఎడమకన్ను మూసి, కుడికంటితో నన్ను చూసి నవ్వింది. కావలిమనిషి వేషం ఆమెకు బాగానే కుదిరింది.

"గా కన్ను కాదత్తమ్మా, కుడి కన్ను మూస్కో. దొంగ నీ కుడి దిక్కుకెల్లి వస్తుంది," అంది వదిన.

అమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత నవ్వు చెదరకుండానే కుడికన్ను మూసింది. నేను కొమ్ములు కొంగులో వేసుకొని, మెల్లగా నడిచి, నీళ్ళ బిందె దగ్గరికి వచ్చేశాను. అమ్మ మాత్రం ఇంకా కుప్ప వైపే ముఖం పెట్టి, నేను లేని చోటుకు చెబుతోంది. "తీస్కపో పిల్లా, నేను జూడలే. తీస్కపో."

వదిన ముఖంలో నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి, అమ్మ తెరిచి ఉన్న ఎడమకంటి ముందు చెయ్యి ఆడించింది. రెప్ప కదల్లేదు.  కొంగు వదిలేశాను, కొమ్ములు గలగలమని నేల మీద పడ్డాయి. ఆ చప్పుడుకు అమ్మ కుడికన్ను తెరిచి, మా ఇద్దరి ముఖాలూ చూసి, నవ్వడం మానేసింది.

"ఎప్పటి సంది అత్తమ్మా?" అని అడిగింది వదిన.

"బతుకమ్మ పండుగ సంది. ముందుగాల మసక, తర్వాత అదీ లేదు."

"ఎందుకు చెప్పలే?" అని నేను అరిచాను. ఏడుపు వస్తే నాకు ముందు కోపం వస్తుంది.

"మీ పెద్దమ్మ నీలవ్వను జూడలేదా నువ్వు? చూపు తగ్గిందని తెల్వంగనే చేతులకెల్లి చాట గుంజుకున్నరు. నువ్వు కూసో, నువ్వు కూసో అనుకుంట మూలకు కూసోవెట్టిరి. కన్ను వోయి కాదు, కూసోని కూసోని వోయింది గామె. నాకు కన్ను లేదని తెలిస్తే రేపు మార్కెట్ల నా చేతికి కొమ్ము ఎవడిస్తడు?" అని, వదిన చెయ్యి పట్టుకుంది. "గా ఇటలీవాళ్ళ లెక్క నువ్వు గుడ జర ఒక కన్ను మూస్కో బిడ్డా. ఎవ్వలికి చెప్పకు."

నేనైతే ఏమనేదాన్నో తెలియదు. కన్నకూతుర్ని, ఆ ముఖం చూసి కరిగిపోయేదాన్నేమో. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని గొంతు మెత్తబడలేదు.

"మూస్కోను అత్తమ్మా. నీకు మిగిలింది ఒక్క కన్ను. దాన్ని గుడ పోనియ్యమంటవా?"

మర్నాడే నన్ను కూడా వెంటబెట్టుకొని అమ్మను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిందని, ఎడమకంటికి పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పాడు. కుడికంటి చూపు కూడా అంచుల దగ్గర తగ్గడం మొదలైంది. చుక్కలు రోజూ వేస్తూ, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే ఉన్నది చాలావరకు నిలుస్తుందట. ఇంకో ఏడాది ఊరుకుంటే ఏమయ్యేదని వదిన అడిగింది. డాక్టరు చీటీ మీద చుక్కల పేరు రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వదిన మీద ఆమెకు మండిపోతోందని తెలుస్తూనే ఉంది.

ఆ నుడికారానికి వదిన 'ఒక కన్ను మూసుకోవడం' అనే రాసింది. ఉదాహరణ వాక్యం మాత్రం తనది. "మా అత్తమ్మ నన్ను ఒక కన్ను మూసుకోమని అడిగింది. నేను మూసుకోలేదు." కంపెనీవాళ్ళు ఇది మరీ బరువుగా ఉంది, ట్రాఫిక్ పోలీసు మీద ఏదైనా రాయండన్నారు. వదిన మార్చలేదు. ఇప్పుడు ఏ దేశంలో ఎవరు బస్సులో కూర్చొని ఆ వాక్యాన్ని వల్లె వేస్తున్నారో!

పసుపు అమ్మే రోజున అమ్మ మార్కెట్‌కు రానంది. వదిన ఉతికిన చీర తెచ్చి ముందు పెట్టింది. అమ్మ దాన్ని ఒకసారి పక్కకు నెట్టి, చివరికి కట్టుకుంది. మార్కెట్‌లో వదిన ఆమెకు ఎడమ పక్కనే నడిచింది, చెయ్యి మాత్రం పట్టుకోలేదు. పోచన్న అలవాటుగా ఇంకో రైతు కుప్పలోంచి కొమ్ము తీసి ఇచ్చాడు. అమ్మ విరిచి, వాసన చూసి, మెడ మొత్తం తిప్పి కుడికంటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఏందవ్వా, గట్ల మెడ దిప్పుతున్నవు?" అన్నాడు పోచన్న.

చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు.  అమ్మ ఒకసారి వదిన వైపు తిరిగి, మళ్ళీ అతనికే చెప్పింది.

"ఎడమ కన్ను వోయింది పోచన్నా. కుడి దానితోని జూస్తున్న. రంగు మంచిగున్నది, తడి ఇంకా పోలే. ఇంకోటి జూపిస్తవా, ఇంటికి వొమ్మంటవా?"

 పోచన్న కుడి పక్కకు వచ్చి, ఇంకో కొమ్ము ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం చుక్కలు వేసే వేళకు అమ్మ తనే వచ్చి వదిన ముందు కూర్చొని తల వెనక్కి వాల్చింది. అన్ని రోజులూ పిలిస్తేగాని వచ్చేది కాదు. వదిన కుడికంట్లో చుక్క వేసి మూత పెట్టబోయింది.

"ఎడమదాంట్ల గుడ ఎయ్యి బిడ్డా."

"దానికెందుకత్తమ్మా? కుడిదానికే చెప్పిండు గదా డాక్టరు."

"ఇన్నేండ్లు నాకు చూసిపెట్టింది. పనైపోయిందని మూలకు కూసోవెడ్తమా?"

 వదిన మూత మళ్ళీ తీసి, ఎడమకంట్లో కూడా ఒక చుక్క వేసింది.