‘మొండి’ అనే మాట తీసేశాక

నేను రోజంతా ఫోన్‌తో ముచ్చట్లు పెడతానని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఏ పక్కకూ మొగ్గని ప్రశ్నలు రాసి ఏఐకి ఇవ్వడమే నా ఉద్యోగమని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

ఇవాళ నాన్నే దాన్ని అడిగారు: “మా మొండి పిల్ల పుణె ఎందుకు పోవద్దో చెప్పు.” పది కారణాలొచ్చాయి. మా మారేడ్‌పల్లి వీధంతా వినేలా చదివారు.

నేను ‘మొండి’, ‘పోవద్దు’ తీసేసి మళ్లీ రాశాను: “ఇరవై నాలుగేళ్ల ఉద్యోగినికి పుణె బదిలీ వచ్చింది. వెళ్తే ఏమిటి, ఉంటే ఏమిటి?” రెండు వైపులా చెప్పింది. ప్రశ్నతో సహా అదీ గట్టిగానే చదివాను.

“గిదేందే, ఏదీ తేల్చకపాయె!” అన్నారు నాన్న.

వంటింట్లోంచి అమ్మ: “ఎవరి పిల్లనో గని, పోనియ్యుండ్రి పాపం!”

మీ ఇళ్లలోనూ జవాబు ముందే పెట్టుకుని ప్రశ్న అడుగుతారా?

నేను సోమవారం పుణె వెళ్తున్నాను.